పొద్దంతా ల్యాబ్, జర్మన్‌కు ఏ పూట?

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం దగ్గర పల్లె. నాన్న చెనిక్కాయ (వేరుశనగ) వేస్తారు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ అయ్యాక జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వచ్చింది, పీహెచ్‌డీలో చేరి ఏడాదిన్నర. బెట్టను (వానలేమిని) తట్టుకునే చెనిక్కాయ రకాల మీద పని. పొద్దున తొమ్మిదికి ల్యాబ్‌కు పోతే హాస్టల్‌కు వచ్చేసరికి రాత్రి ఎనిమిది. తర్వాత పోస్ట్‌డాక్‌కు, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే పరిశోధనకు, జర్మనీ పోవాలని ఆశ. అందుకే జర్మన్ మొదలుపెట్టాను కానీ ఏ1 (మొదటి మెట్టు) రెండుసార్లు సగంలో ఆగింది. ఫోన్ యాప్‌లో 143 రోజులు వరుసగా చేశాను, ఒక్కరోజు తప్పేసరికి ఏడుపొచ్చి మళ్లీ తెరవలేదు. సెమినార్‌లో ఇంగ్లిష్ మాట్లాడాలంటే గొంతు పట్టేస్తుంది. పొద్దున నడక, నెలకో పుస్తకం, పైథాన్ (కంప్యూటర్ ప్రోగ్రామింగ్) కోర్సు అని డైరీలో రాసుకున్నాను, ఏదీ సాగడం లేదు. నాతో చేరినవాళ్లు అన్నీ చేసేస్తున్నట్టు కనిపిస్తారు. సైన్స్ ఒక్కటే పట్టుకోకుండా ఇవన్నీ పెట్టుకోవడం తప్పా? చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: నీకంటే ముప్పై ఏళ్లు పెద్దదాన్ని, నువ్వు అనే రాస్తాను తల్లీ, ఏమనుకోకు.

తప్పు కాదు. కానీ నీ డైరీలో ఐదు పనులు ఒకే వరుసలో, ఒకే బరువుతో కూర్చున్నాయి, నిన్ను ఇబ్బంది పెడుతున్నది అదే. ముందు జర్మన్ సంగతి చూద్దాం. జీవశాస్త్రంలో జర్మనీ ల్యాబుల్లో పోస్ట్‌డాక్ పని చాలావరకు ఇంగ్లిష్‌లోనే నడుస్తుంది, గ్రూప్ మీటింగులూ పేపర్లూ అన్నీ. ప్రొఫెసర్‌కు నువ్వు రాసే మొదటి మెయిల్ కూడా ఇంగ్లిష్‌లోనే. నీ అప్లికేషన్ తెరిచినవాళ్లు ముందు చూసేది నీ పనిని, నీ పేపర్లను. జర్మన్ అవసరం ల్యాబ్ బయట మొదలవుతుంది. ఇల్లు అద్దెకు అడగాలన్నా, ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం అర్థం కావాలన్నా, ఒంట్లో బాగాలేక డాక్టర్ దగ్గరికి పోయినా, పక్కింటి పెద్దావిడతో రెండు మాటలు కలపాలన్నా అది కావాలి. ఊరుగాని ఊళ్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ రెండు మాటల విలువ ఎంతో నాకు తెలుసు, కాబట్టి నేర్చుకోవద్దని చచ్చినా అనను. ఈ ఏడాదే ఏ1 పూర్తి కాకపోతే జర్మనీ తలుపు మూసుకుపోతుందన్న భయం మాత్రం వదిలెయ్. నీకు ఇంకా మూడేళ్లు ఉన్నాయి.

ఇప్పుడు టైం. నీ పని బెట్ట మీద అంటున్నావు కాబట్టి ప్రోలిన్ చూస్తూనే ఉంటావు. మిగతా పాఠకుల కోసం చెబుతాను: నీళ్లు అందని మొక్క ఆకుల్లో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పోగవుతుంది. దాన్ని కొలవడానికి ఆకును నూరి వడగట్టి, ఆ రసంలో నిన్‌హైడ్రిన్ అనే రంగు తెప్పించే రసాయనం, ఎసిటిక్ ఆమ్లం కలిపి, ట్యూబులను మరిగే నీళ్లలో గంటసేపు పెట్టి, ఐసులో చల్లార్చి, టోలుయీన్ అనే ద్రావకంలోకి రంగు లాగి 520 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ తీస్తారు. 1973లో బేట్స్, ఆయన సహచరులు ఇచ్చిన పద్ధతి, ఇప్పటికీ మన ల్యాబుల్లో అదే. ఆ మరిగే గంట ఖాళీ గంటలా కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో ట్యూబులు వాటర్ బాత్‌లో పెట్టి, పక్క గదిలో జర్మన్ వ్యాకరణం పుస్తకం తెరిచాను, నామవాచకం ముందు వచ్చే డెర్, డీ, డాస్ ఎక్కడ ఏది వాడాలో తేల్చుకుంటూ కూర్చుంటే గంట కాస్తా రెండు గంటలైంది, వచ్చి చూస్తే నీళ్లు ఇంకిపోయి నలభై ట్యూబులు మాడాయి. అవి ఊడలు (పువ్వు నుంచి భూమిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే దశలో పొలం నుంచి తెచ్చిన ఆకులు. ఆ ఆకులు మళ్లీ కావాలంటే మరుసటి ఏడు ఖరీఫ్ దాకా ఆగాల్సిందే, ఆగాను. అంటే ఒక్క పాఠం కోసం ఒక సీజన్ పోగొట్టుకున్నాను, ఇప్పటికీ ఆ వాసన గుర్తుంది.

అప్పటినుంచి నేను పాటించింది ఇదే. ప్రయోగం మధ్యలో దొరికే టైంలో కొత్త పాఠం ముట్టుకోను. అప్పటికే చదివిన మాటలను తిరగేయడం మాత్రమే, అదీ వాటర్ బాత్ కనిపించే చోట నిలబడి, టైమర్ పెట్టుకుని. చిన్న అట్టముక్కలు చేసుకో, ఒకవైపు తెలుగు, ఒకవైపు జర్మన్. తెలుగు వైపు చూసి జర్మన్ మాట నోటితో అనాలి, తిప్పి చూసుకోవాలి. ఊరికే చదువుకుంటూ పోతే నిలవదు. (గ్లౌజులు తీసేసి చేతులు కడుక్కున్నాకే అట్టలు పట్టుకో, నిన్‌హైడ్రిన్ తగిలిన వేళ్లు ఊదారంగుకు తిరిగి కొన్నాళ్లు అలాగే ఉంటాయని నీకు నేను చెప్పక్కర్లేదు.) ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను తనే బట్టీ పట్టి, ఎన్నాళ్లకు ఎంత మరిచిపోతున్నాడో తన మీదే కొలిచి 1885లో అచ్చువేశాడు. మరపు మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువని, ఒకేసారి కూర్చుని చదివినదానికన్నా రోజుల ఎడంతో తిరగేసింది బాగా నిలుస్తుందని తేల్చాడు. ఆ లెక్కన నీ 143 రోజులు ఎక్కడికీ పోలేదు. ఒక్కరోజు తప్పితే యాప్‌లో అంకె సున్నా అవుతుంది, నీ తలలో మాటలు సున్నా కావు. రేపు తెరిచి చూడు, సగానికి సగం గుర్తొస్తాయి.

కొత్త పాఠానికి మాత్రం తెల్లారి ల్యాబ్‌కు పోకముందు అరగంట చాలు, వారానికి నాలుగు రోజులు. రాత్రి ఎనిమిదికి వచ్చి, తిని, పదింటికి వ్యాకరణం మొదలుపెడితే రెండు పేజీలకే కళ్లు మూతపడతాయి. నిద్ర తగ్గించి భాష నేర్చుకోవాలనుకోకు, పగలు నేర్చుకున్నది స్థిరపడేది ఆ నిద్రలోనే.

ఏడాదిని కూడా పైరు ప్రకారమే విడగొట్టుకో. విత్తిన దగ్గర్నుంచి పీకేదాకా, అంటే జూన్, జులై నుంచి నవంబర్ వరకు, నీకు పొలం, శాంపిళ్లు, రాత్రిళ్లు కూడా ల్యాబే. ఆ నెలల్లో కొత్త పాఠం ఒక్కటి కూడా వద్దు, అట్టముక్కలు మాత్రం తిరగెయ్. చెనిక్కాయ ఇంటికొచ్చాక డిసెంబర్ నుంచి మే వరకు పాఠాలు. నువ్వు రెండుసార్లు మధ్యలో ఆగిపోయిన నెలలు ఏవో గుర్తు తెచ్చుకో, నాకైతే అవి ఖరీఫ్‌లోనే అయి ఉంటాయనిపిస్తోంది. ఏ1 పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగూ ఉంటాయి, నూటికి 60 రావాలి. మీకు దగ్గరలో బెంగళూరులో గోథే ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ రాయొచ్చు. ఫీజు కట్టేముందు వినడం, మాట్లాడటం సరిచూసుకో, ఒంటరిగా యాప్‌తో చదివినవాళ్లు ఆగిపోయేది అక్కడే.

ఇంకో మాట, మనకు జర్మన్ అంత పరాయిది కాదు. 'ఎందుకంటే' అని మొదలయ్యే ఉపవాక్యంలో జర్మన్ క్రియ చివరికి పోతుంది: వైల్ ఇష్ ఇన్ డాయిచ్‌లాండ్ ఆర్బైటెన్ విల్. 'నేను జర్మనీలో పనిచేయాలనుకుంటున్నాను' అన్నప్పుడు మనకూ క్రియ చివరే కదా. అక్కడ ఇంగ్లిష్‌ను మధ్యలోకి తెచ్చుకోకుండా తెలుగు నుంచి నేరుగా పోయి చూడు, నీకే తేలిగ్గా అనిపిస్తుంది.

ఇంగ్లిష్ గురించి. అది నీ వృత్తి భాష, దానికి విడిగా టైం కేటాయించాల్సిన పని లేదు. రోజూ ల్యాబ్ మూసే ముందు నోట్‌బుక్‌లో ఐదు పూర్తి వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయి: ఈరోజు ఏం చేశాను, ఎందుకు, ఏం వచ్చింది, దేనిమీద అనుమానం, రేపు ఏం చేయాలి. ఆర్నెల్లకు థీసిస్‌లో సగం పద్ధతుల భాగం అక్కడే రాసి ఉంటుంది. సెమినార్‌కు మొదటి రెండు వాక్యాలు నోటికి పట్టు, తర్వాత ఒక్క గ్రాఫ్ చూపించి దాని గురించే మాట్లాడు. నీ చేత్తో చేసిన గ్రాఫ్ గురించి చెప్పేటప్పుడు గొంతు అంతగా పట్టదు.

ఆదివారం ఫోన్‌లో నాన్నకు నీ పని తెలుగులో చెప్పు. ఈ మాట మాత్రం బతిమాలి చెబుతున్నాను. 'ప్రోలిన్ ఎక్కువున్న రకం ఊడలు దిగేటప్పుడు బెట్ట వస్తే కాయ పట్టుకుంటుందా మరి?' అని ఆయన అడిగితే నువ్వు నీళ్లు నమలాల్సి వస్తుంది, ఎందుకంటే ప్రోలిన్ పెరిగినంత మాత్రాన దిగుబడి నిలుస్తుందని గ్యారంటీ లేదు. ఆ ప్రశ్న నీ థీసిస్‌కు కావాలి.

నడక ఉంచుకో, పగలంతా నిలబడి, వంగి చేసే పని నీది. పైథాన్ ఇప్పుడు వద్దు. ఈ సీజన్ రీడింగులు చేతికొచ్చాక వాటితోనే నేర్చుకో, తొందరగా వస్తుంది. నెలకో పుస్తకం అన్న లెక్క కొట్టెయ్, నచ్చినప్పుడు నచ్చినంత చదువు. తోటివాళ్ల సంగతి నాకు తెలియదు, నీకూ తెలియదు, వాళ్లు నీకు చూపించేది వాళ్లకు సాగిన పనులనే.

ఒకసారి వీలు చేసుకుని కడపకు పోయి బ్రౌన్ గ్రంథాలయం చూసిరా. తెలుగుకు నిఘంటువు రాసిన ఇంగ్లిష్ అధికారి సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చినప్పుడు కుర్రాడు, పగలంతా కచేరీ ఉద్యోగం. ఉద్యోగం మానకుండానే తెలుగు నేర్చుకున్నాడు, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తన బంగళాలోనే తాళపత్రాలు సరిచూయించాడు. వేమన పద్యాలు 1829లో వచ్చాయి, తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు 1852లో. కడపలో అడుగుపెట్టిన ముప్పై రెండేళ్లకు! ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు గ్రంథాలయం ఉంది.

ప్రశ్న: డిగ్రీ వరకు తెలుగు మీడియం. ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఇంగ్లిష్‌లో చదివింది మనసులో తెలుగులోకి మార్చుకుంటేనే అర్థమవుతోంది. ఇది మానుకోవాలా? - ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: మానుకోవద్దు నాయనా. అర్థం చేసుకోవడం తెలుగులో, రాయడం ఇంగ్లిష్‌లో, కొన్నాళ్లు అలాగే పోనీ. క్లాసులో విన్నదాన్ని అదేరోజు సాయంత్రం తెలుగులో ఎవరికైనా చెప్పు, ఎక్కడ ఆగిపోయావో అక్కడ నీకు అర్థం కాలేదన్నమాట, అది భాష సమస్య కాదు, కెమిస్ట్రీదే, పుస్తకం మళ్లీ తెరువు. ఆ తర్వాత దాన్నే నాలుగు ఇంగ్లిష్ వాక్యాల్లో రాసి సీనియర్ ఎవరికైనా చూపించు. మార్చుకోవడానికి పట్టే టైం నెలనెలా తగ్గుతూ వస్తుంది. సెమిస్టర్ చివర్లో మళ్లీ ఒక ఉత్తరం రాయి, ఎంత తగ్గిందో తెలుసుకోవాలని ఉంది.