‘ఏకాండ వీణ’ అని అతుకుల వీణ పంపాడు: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఇంట్లోనే పిల్లలకు వీణ నేర్పుతూ బతుకుతున్నాను. మా నాన్నగారి వీణ పాడైపోయింది. మా అమ్మాయి కోసం ఆన్‌లైన్లో పాత వీణ వెతికాను. ‘బొబ్బిలి ఏకాండ వీణ, ఒకే పనస దుంగ, కచేరీకి సిద్ధం’ అని ప్రకటన కనబడింది. గాజులు కుదవ పెట్టి 42,000 రూపాయలు యూపీఐలో పంపాను. 2024 నవంబరు 18న పార్శిల్ వచ్చింది. ఎండాకాలంలో మెట్లు కదిలాయి. 2025 ఆగస్టులో మెట్లను మైనంలో మళ్లీ కూర్చోబెట్టి మేళం కట్టించడానికి తీసుకుపోతే, పనివాడు నగిషీ పట్టీ ఊడదీసి గుండ్రటి కుండకూ పొడవాటి దండికీ మధ్య అతుకు చూపించాడు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే ‘మా ఇంట్లో వాడుకున్న పాత వీణ, వాపసు లేదు’ అని నంబరు బ్లాక్ చేశాడు. ఆయన పేజీలో ఇంకో రెండు వీణలు, వయొలిన్లు, ఒక హార్మోనియం అమ్మకానికి ఉన్నాయి. మొన్న దసరాకు మా అమ్మాయి అమ్మవారిశాలలో వాయించాల్సింది, ఆగిపోయింది. నాన్నగారు ఉంటే ఎంత బాధపడేవారో! నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. పాత ఫోను మా మరిదికి ఇచ్చేశాను, చాటింగ్ కొంత పోయింది. మా మరిదేమో ‘1930కి ఫోన్ చేసి ఓటీపీ కొట్టేశారని చెప్పు వదినా, వాడి ఖాతా ఆగిపోతుంది, వాడే కాళ్లబేరానికి వస్తాడు’ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం మీదే ఈ కేసంతా ఆధారపడి ఉంది. ‘ఆయన పేజీలో ఇంకో రెండు వీణలు, వయొలిన్లు, ఒక హార్మోనియం అమ్మకానికి ఉన్నాయి’ అన్నారు చూడండి, అది. నాన్నగారి వీణ, గాజుల కుదవ, ఆగిపోయిన కచేరీ ఇవేవీ తీర్పును నిర్ణయించవు. అమ్మినతను తన ఇంటి వీణ ఒకటి అమ్ముకున్న మనిషా, వాయిద్యాలు కొని అమ్మే వ్యాపారా? ఇది తేలితే మీరు ఏ తలుపు తట్టాలో తేలుతుంది.

ఎందుకో చెబుతాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఫిర్యాదు వ్యాపారి మీద నడుస్తుంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు కూడా, క్రమం తప్పకుండా చేసే వ్యాపారంలో భాగం కాకుండా తన సొంత హోదాలో ఏదో ఒకటి అమ్ముకునే వ్యక్తికి వర్తించవు. అందుకే అతను ‘మా ఇంట్లో వాడుకున్నది’ అన్నాడు. ఆ మాట అమాయకంగా వచ్చింది కాదు, అదే అతని డిఫెన్స్. అతని పేజీలో నేటికీ ఉన్న ఆ నాలుగైదు ప్రకటనలే దానికి మీ జవాబు. ఒక ఇంట్లో మూడు వీణలు, వయొలిన్లు, హార్మోనియం వరుసగా అమ్మకానికి ఎందుకు వస్తాయని వినియోగదారుల కమిషన్ అడుగుతుంది. కానీ ఆ ప్రకటనలు రేపు పొద్దునకి ఉండకపోవచ్చు. మీ నోటీసు అందిన గంటలో అతను వాటిని తీసేస్తాడు. కాబట్టి నోటీసు కంటే ముందు వాటిని భద్రం చేయాలి. పేజీ చిరునామా, తేదీ, అతని పేరు, ఫోన్ నంబరు కనబడేటట్టు స్క్రీన్‌షాట్లు తీయండి. పేజీని పైనుంచి కిందికి జరుపుతూ స్క్రీన్ రికార్డింగు కూడా చేయండి. ఈ పని ఇవాళే కావాలి.

ఇక మిమ్మల్ని కోప్పడక తప్పదు. 42,000 రూపాయలు వీణ చూడకుండా పంపారు. బిల్లు అడగలేదు. పార్శిల్ వచ్చిన రోజు విప్పి, వీణ తెలిసిన వారికి ఎవరికీ చూపించలేదు. అన్నిటికంటే పెద్ద తప్పు, ‘ఏకాండ’ అని అతను రాసిన చాటింగ్ ఉన్న ఫోనును మరిదికి ఇచ్చేశారు. ఆగస్టులో అతుకు బయటపడిన తర్వాతైనా, ‘ఈ వీణ నాకొద్దు, వెనక్కి తీసుకో’ అని ఒక్క అక్షరం రాతపూర్వకంగా పంపలేదు, ఫోన్లోనే మాట్లాడారు. ఫోన్లో మీరు ఏమన్నారో, అతను ఏమన్నాడో రేపు ఎవరు చెబుతారు? పిల్లలకు పాఠం చెప్పే మనిషి మీరు. స్వరం తప్పితే ఊరుకోరు కదా, డబ్బు దగ్గర ఈ నిర్లక్ష్యం ఎందుకు?

మరిది దగ్గరికి వెళ్లి ఆ ఫోను వెనక్కి తీసుకోండి. దాన్ని రీసెట్ చేయకపోతే చాటింగ్ ఇంకా అందులో ఉండే అవకాశం ఉంది. ఉంటే ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ చేసి మెయిల్‌కు పంపుకోండి, ఫోనును మాత్రం అలాగే దాచండి. ఆ ప్రకటన లింకును అప్పట్లో మీ భర్తకో, శిష్యురాలికో పంపారేమో వెతకండి, వాళ్ల ఫోన్లలో ఉండొచ్చు. ఎలక్ట్రానిక్ రికార్డును దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 2023లోని సెక్షన్ 63(4) ప్రకారం, దాన్ని ఏ పరికరంలోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య నియమాలను సివిల్ కోర్టుల్లా బిగించి పట్టుకోవు. అయినా సర్టిఫికెట్‌తో పెట్టిన స్క్రీన్‌షాటును ఎదుటివాడు ‘కల్పించారు’ అని తోసేయడం కష్టం.

ఇప్పుడు వీణ సంగతి. మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయాయి, వాటిని విడదీయండి. ఎండకు మెట్లు కదలడం మీ కేసు కాదు. ఇరవై నాలుగు మెట్లూ మైనం మీదే కూర్చుంటాయి, రాయలసీమ ఎండకు మైనం మెత్తబడుతుంది, మేళం మళ్లీ కట్టించుకోవాల్సిందే. ఈ మాట నాకంటే మీకే బాగా తెలుసు. దాన్ని ఫిర్యాదులో రాస్తే అతని వకీలు దాన్నే పట్టుకుంటాడు. ‘వీణను జాగ్రత్తగా పెట్టుకోలేదు, ఎండలో పెట్టారు, అతుకు కూడా అలాగే విడిపోయింది’ అంటాడు. మెట్ల మాట ఎత్తకండి.

అతుకు వేరు. కుండ, దండి ఒకే పనస దుంగలోంచి తొలిస్తేనే ఏకాండ వీణ. దుంగలో లేని అతుకు ఎండకు పుట్టదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 ప్రకారం, వర్ణించి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు తగ్గట్టే ఉండాలి. ‘పాతది, వాపసు లేదు’ అనే మాట అరుగుదలకు, గీతలకు వర్తిస్తుంది. ‘ఏకాండ’ అని చెప్పి అతుకుల వీణ పంపడానికి అది అతన్ని కాపాడదు. మీ కేసు ఈ ఒక్క మాట మీద నిలబడాలి.

ఒక చిక్కు ఉంది. అదే చట్టంలోని సెక్షన్ 42 ప్రకారం, వస్తువు వద్దని చెప్పకుండా సహేతుకమైన కాలం దాటి మీ దగ్గరే ఉంచుకుంటే దాన్ని అంగీకరించినట్టే. అంగీకరించాక, వీణ వెనక్కి ఇచ్చి పూర్తి డబ్బు అడిగే హక్కు సన్నగిల్లి, నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగలొచ్చు. అతుకు నగిషీ పట్టీ కింద దాగి ఉందని, ఆగస్టు దాకా చూసే వీలే లేదని మీరు వాదించవచ్చు. అది మంచి వాదన. కానీ ఆగస్టు నుంచి ఇప్పటిదాకా రాతపూర్వకంగా ఎందుకు వద్దనలేదంటే మీ దగ్గర జవాబు లేదు. అందుకే ఫిర్యాదులో మొదట 42,000 రూపాయల వాపసు అడిగి, అది కుదరకపోతే ఏకాండ వీణ ధరకూ ఈ అతుకుల వీణ ధరకూ ఉన్న తేడా ఇప్పించమని ప్రత్యామ్నాయంగా అడగండి. ఆ తేడా ఎంతో వీణలు చేసే పనివాడు రాసివ్వాలి. మానసిక వేదన పేరుతో లక్షలు అడగకండి. అడిగిన అంకె పెద్దదైతే నమ్మకం తగ్గుతుంది.

వీణను ఇంకా బాగుచేయించకండి. అతుకు మళ్లీ మూసేస్తే సాక్ష్యం మూసుకుపోతుంది. పట్టీ తీసి ఉండగానే, పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఫోటోలు తీయించండి. అతుకు చూసిన పనివాడి నుంచి ఏం చూశాడో, ఏ తేదీన చూశాడో అఫిడవిట్ తీసుకోండి. సంగీత కళాశాలలో వీణ చెప్పే అధ్యాపకులెవరైనా చూసి రాసిస్తే ఇంకా బలం.

గడువు గురించి గట్టిగా చెబుతున్నాను. వినియోగదారుల ఫిర్యాదుకు సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. అతుకు తెలిసిన ఆగస్టు నుంచి లెక్కపెట్టుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి, పార్శిల్ అందిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి. అంటే 2026 నవంబరు 18 దాటకూడదు. ఫోన్లో బేరాలాడినా, లాయరు నోటీసు పంపినా ఆ గడువు పెరగదు. ‘చూద్దాం, ఇస్తాడేమో’ అంటూ రెండేళ్లు గడిపేసి వచ్చిన ఫైళ్లు చాలా చూశాను, అందులో న్యాయం ఉన్నా ఏమీ చేయలేం. సివిల్ దావాకైతే మూడేళ్లు.

ఇక మీ మరిది సలహా. దాని జోలికి పోకండి. 1930 అనేది ఖాతాలోంచి డబ్బు కొట్టేసిన సైబర్ నేరాల కోసం పెట్టిన నంబరు. మీరు మీ పిన్ మీరే కొట్టి, వీణ కోసం డబ్బు పంపారు, వీణ అందింది కూడా. ఓటీపీ పోయిందని చెబితే అది అబద్ధపు ఫిర్యాదు. మీ చాటింగ్, పార్శిల్ రసీదు చూపించి అతను ఒక్క రోజులో బయటపడతాడు, మీరు ఇరుక్కుంటారు. ఎదుటివాడికి హాని కలిగేలా అధికారికి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 217 కింద నేరం, ఏడాది దాకా జైలు, పది వేల దాకా జరిమానా ఉన్నాయి. పైగా మీ నిజమైన కేసులో మీ మాటకు ఇక విలువ ఉండదు. ఆ వీణనే ‘ఏకాండ’ అని ఇంకొకరికి అమ్మేద్దామన్న ఆలోచన వచ్చినా అంతే. తెలిసి అమ్మితే, ఇవాళ అతని మీద మీరు చెబుతున్న నేరం రేపు మీ మీద ఉంటుంది.

మోసం కేసు పెట్టొచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. అదే న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద నిలవాలంటే, అమ్మే నాటికే అతనికి మోసపు ఉద్దేశం ఉందని చూపించాలి. ఇతని దగ్గర కొన్న ఇంకో ఇద్దరికి కూడా ఇలాగే అతుకుల వీణలు వచ్చి ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. ఇప్పటికైతే స్టేషన్లో ‘ఇది సివిల్ తగాదా’ అనే అంటారు.

చేయాల్సింది ఇది. పార్శిల్ రసీదు మీద పంపినవారి పేరు, ఊరు చూసి, ఆ చిరునామాకు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వీణను తిరస్కరిస్తున్నానని, పదిహేను రోజుల్లో డబ్బు ఇచ్చి వీణ తీసుకుపొమ్మని అందులో స్పష్టంగా రాయండి. చిరునామా తేలకపోతే, ప్రకటన వేసిన సంస్థ గ్రీవెన్స్ అధికారికి రాసి అమ్మకందారు వివరాలు అడగండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ‘మేము ప్రకటన పలక మాత్రమే’ అని తప్పించుకోజూసినా, మీరు రాసిన ఉత్తరం రికార్డులో ఉంటుంది.

నోటీసుకు కదలకపోతే కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. అతను ఏ ఊరివాడైనా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ‘ఆమె వీణ నేర్పి డబ్బు తీసుకుంటుంది, కాబట్టి వినియోగదారు కాదు’ అని అతను అనొచ్చు. బెదరకండి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న వస్తువును చట్టం వాణిజ్య అవసరంగా చూడదు. అతను వ్యాపారి కాదని ఒకవేళ తేలితే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో పెట్టండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం.

పాత వాయిద్యాలు ఆన్‌లైన్లో చూస్తున్న మిగతా పాఠకులకు కూడా ఒక మాట. డబ్బు పంపే ముందు వీడియో కాల్‌లో వాయిద్యం మొత్తం తిప్పి చూపించమనండి. అతుకు ఉందా లేదా, పగుళ్లున్నాయా అని రాతలో అడిగి రాతలోనే జవాబు తీసుకోండి. వాయిద్యం అమ్మేవాడిదేనని కూడా రాయించుకోండి, దొంగ సొత్తు అయితే మీకు యాజమాన్యం దక్కదు. వయొలిన్ లోపల ‘స్ట్రాడివేరియస్’ (పేరుమోసిన పాతకాలపు ఇటలీ వయొలిన్ల పేరు) అని చీటీ కనబడినంత మాత్రాన మోసపోకండి, ఆ పేరు చీటీతో ఫ్యాక్టరీల్లో చేసిన కాపీలు లెక్కలేనన్ని ఉన్నాయి. కొన్ని పాత వీణల మీద, తంబురాల మీద ఏనుగు దంతపు నగిషీ ఉంటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద దంతం అమ్మకం, కొనుగోలు రెండూ నిషేధమే, కొన్నవాడు కూడా ముద్దాయే. ప్రకటనలో ‘దంతపు పని’ అన్న మాట కనబడితే, ధర ఎంత తక్కువైనా ఒక్క రూపాయి అడ్వాన్సు పంపకండి.