తండాలకు వ్యాన్‌లో మోటార్ రిపేర్ శిక్షణ: ఎప్పుడు వెళ్లాలి, ఏం ఎక్కించాలి

ములుగు, భూపాలపల్లి వైపు గూడేలకు, తండాలకు వ్యాన్‌లో వెళ్లి కుట్టుపని, కంప్యూటర్, మోటార్ రిపేర్ మూడూ నేర్పాలనుకుంటున్నామని మీరు అన్నారు. లోపల ఏమేం అమర్చాలని అడిగారు. మూడూ ఒకే బండిలో వద్దు. మోటార్ గ్రీజు, మసి ఉన్నచోట కుట్టుబట్ట బతకదు. కంప్యూటర్ సంగతి ఆ ఊళ్ల కరెంటు, సిగ్నల్ చూశాక తేల్చుకోవచ్చు. బోరు ఉన్న ప్రతి ఊళ్లో స్టార్టరో (మోటారును ఆన్ చేసే పెట్టె) మోటారో చెడిపోతూనే ఉంటుంది కాబట్టి ముందు ఆ పని పట్టుకోండి.

వ్యాన్ కన్నా ముందు కాలం చూసుకోవాలి. జూన్, జులైలో పత్తి గింజలు పెట్టడం, నాట్లు. అక్టోబర్ నడుమ నుంచి పత్తి ఏరుడు, జనవరి దాటితే మిర్చి ఏరుడు, ఎండాకాలంలో అడవి పక్క ఊళ్లు తునికాకుకు పోతాయి. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు ఆ చుట్టుపక్కల ఏ క్లాసూ నడవదు. ఇవన్నీ పోగా మిగిలేది ఆగస్టు రెండో వారం నుంచి బతుకమ్మ పండుగ దాకా. ఒక బ్యాచ్‌కు 24 రోజులు, రోజుకు మూడు గంటలు, సాయంత్రం పూట పెట్టుకోండి. అప్పుడు నేర్చుకున్నవాళ్లు యాసంగి నాటికి చేయి తిరిగి ఉంటారు. బోర్లలో నీళ్లు అడుగంటి మోటార్లు ఎక్కువ కాలేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకే.

చోటు కోసం రైతు వేదిక (రైతుల సమావేశాలకు కట్టిన హాలు) అడగండి. తెలంగాణలో 2,601 ఉన్నాయి, గచ్చు, ఫ్యాన్లు, గోడకు ప్లగ్గులు ఉంటాయి. మంగళవారం రైతునేస్తం వీడియో కార్యక్రమం నడిచేచోట ఆ రోజు వదిలేయండి. చిన్న తండాలకు అది దూరమైతే పంచాయతీ ఆఫీసు అరుగు చాలు. సర్పంచ్‌కు చెప్పాక కారోబార్‌తో (పంచాయతీ సిబ్బంది) చాటింపు వేయిస్తేనే మాట ఇంటింటికీ చేరుతుంది. వాట్సాప్ గ్రూపును నమ్ముకుంటే రోడ్డు మీది ఇళ్లవాళ్లే వస్తారు.

వ్యాన్ లోపల క్లాసు పెట్టే ఆలోచన మానుకోండి. ఎండకు రేకు బాడీ కాగిపోతుంది, ఆరుగురు దూరితే ఏడోవాడికి స్టేటర్ (మోటారులో తీగ చుట్టలుండే కదలని భాగం) కనపడదు. మూసిన బాడీ ఉన్న సరుకు బండి తీసుకుని, మడత బల్లలు మూడు, సామాన్ల పెట్టెలు దించి ఎక్కించేలా పెట్టుకోండి. బల్లలు, జనరేటర్ లోపలే శాశ్వతంగా బిగిస్తే రవాణా శాఖలో ఆ మార్పు రాయించాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్‌తో తంటా.

ఎక్కువమంది దెబ్బతినేది కరెంటు దగ్గర. శిక్షణకు 5 హెచ్‌పీ మోటార్ తిప్పి చూపాలని ఉబలాటపడతారు. అది నడిచేటప్పుడు సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది, నేరుగా స్టార్ట్ చేసిన క్షణంలో ఆరింతలు, అంటే 45 దాకా లాగుతుంది. 5 కేవీఏ త్రీఫేజ్ జనరేటర్ ఒక్కో ఫేజుకు 7 ఆంపియర్లే ఇస్తుంది, కాబట్టి అక్కడే చతికిలబడుతుంది. 1 హెచ్‌పీ త్రీఫేజ్ మోటార్ పెట్టుకోండి. దాని స్టార్టింగ్ 11 ఆంపియర్లు దాటదు, లోడు లేకుండా తిప్పితే ఆ జనరేటరే మోస్తుంది. స్టార్టర్ పాఠమంతా దాని మీదే చెప్పొచ్చు. స్తంభానికి కొక్కెం వేసి కరెంటు తీసుకోవడం మాత్రం ఒక్కరోజుకు కూడా వద్దు. నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠం అదే అయిపోతుంది.

పన్నెండు మందికి మించి తీసుకోవద్దు. బల్లకు నలుగురు. మల్టీమీటర్లు నాలుగు, క్లాంప్ మీటర్లు (వైరు చుట్టూ పట్టించి ఆంపియర్లు కొలిచేవి) రెండు, 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచేది) ఒకటి. ఒక్కొక్కరికి టెస్టర్, కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్లు రెండు, 8-9 నుంచి 14-15 దాకా పానాలు. పాత డీఓఎల్ (మోటారును నేరుగా లైనుకు కలిపే) స్టార్టర్లు ఆరు, కాలిన స్టేటర్లు మూడు వరంగల్‌లో పాత ఇనుప సామాను కొట్లలో బేరమాడి తెచ్చుకోండి. కొత్తవి కొంటే డబ్బు దండగ, పైగా వాటిలో చెడిపోయిందేమీ ఉండదు.

ఆ మూడు స్టేటర్లే అసలు పుస్తకం. మూడు ఫేజుల చుట్టలూ సమంగా నల్లబడితే లోడు ఎక్కువైందని, లేదా వోల్టేజీ తగ్గిందని అర్థం. స్టార్ కనెక్షన్‌లో (మూడు చుట్టల కొసలు ఒకేచోట కలిపినది) రెండు ఫేజులు మాడి ఒకటి మెరుస్తూ ఉంటే, లేదా డెల్టాలో (చుట్టలను త్రికోణంగా కలిపినది) ఒక్క ఫేజే మాడితే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయి రెండు ఫేజుల మీదే నడిచింది. ఒకచోట మాత్రమే చిల్లు పడి కరిగితే అక్కడ ఇన్సులేషన్ పోయింది. కాలిన మోటారు రాగానే తీగ పీకేయకుండా ముందు ఇది చూడటం అలవాటు చేయాలి. లేకపోతే వైండింగ్ చేసి (తీగ మళ్లీ చుట్టి) దించిన మోటారు మళ్లీ అదే కారణంతో పైకొస్తుంది, రైతు తిట్టేది మాత్రం మెకానిక్‌నే.

ఫేజులు పోవడం వెనక ఆటో స్టార్టర్ల (కరెంటు రాగానే మోటారును వాటంతటవే ఆన్ చేసేవి) పాత్ర ఉంది. కరెంటు వచ్చిన క్షణంలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే వోల్టేజీ కుంగుతుంది, ఫ్యూజు ఎగురుతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తామన్నప్పుడు వాటిని తీసేయమన్నది కూడా అందుకే. స్టార్టర్ పచ్చ బటన్‌లో పుల్ల గుచ్చినా ఫలితం అదే.

స్టార్టర్ పాఠంలో మూడు జబ్బులు చాలు. బటన్ నొక్కినంతసేపే తిరిగి వదిలితే ఆగిపోతే, పట్టి ఉంచే చిన్న కాంటాక్టుకు మసి పట్టింది, లేదా దాని వైరు ఊడింది. గుర్రుమంటుంటే అయస్కాంతం ముఖాల మధ్య దుమ్ము, లేదా తక్కువ వోల్టేజీ. మాటిమాటికీ ట్రిప్ అయితే రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే భాగం) అంకె పెంచకుండా మూడు ఫేజుల ఆంపియర్లూ క్లాంప్ మీటర్‌తో కొలవాలి. రిలేను మోటారు ప్లేటు మీది ఆంపియర్లకే పెట్టాలి.

బోరు కేబుల్ జాయింటుకు రెండు సాయంత్రాలు కేటాయించండి. మూడు కోర్ల అతుకులు ఒకేచోట పడకుండా రెండేసి అంగుళాల ఎడంతో వేయాలి. ఒక్కోదానికీ రబ్బరు టేపు లాగి బిగువుగా చుట్టి, పైన పీవీసీ టేపు వేయాలి. ఆరిన చేతులతో చుట్టాలి, చెమట లోపల చిక్కినా నీళ్లు చిక్కినట్టే. తర్వాత ఆ అతుకును ఉప్పునీళ్ల బకెట్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున రాగి కొసకూ నీళ్లకూ మధ్య మెగ్గర్ పెట్టి తిప్పాలి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ చూపితే విప్పి మళ్లీ చుట్టించండి. మంచి అతుకు వందల్లో చూపుతుంది. పన్నెండు మందిలో సగం మంది మొదటిసారి తప్పుతారు, తప్పనివ్వండి.

ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కి ఫ్యూజు వేయడం నేర్పొద్దు. లైన్‌మన్ లైన్ క్లియర్ తీసుకుని (లైన్‌లో కరెంటు ఆపించి) చేయాల్సిన పని అది. కెపాసిటర్‌ను కూడా, కరెంటు తీశాక బల్బు తగిలించి అందులో మిగిలిన కరెంటు దించేదాకా ముట్టుకోనివ్వకండి.

సర్టిఫికెట్ గురించి ఊళ్లో తప్పకుండా అడుగుతారు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లది, 24 రోజులకు ఆ విలువ రాదని మొదటి రోజే చెప్పండి. వైండింగ్ పూర్తిగా కావాలన్నవాళ్లను ఆర్‌సెటీకి (బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) పంపండి, ఉచితంగా తిండి, వసతి ఇచ్చి 30 రోజులు నేర్పుతారు. ఇప్పటికే చేతిపని తెలిసినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి కూడా ఉంది.

పానాల సెట్టు చివరి రోజు అందరికీ పంచే ఆర్భాటం వద్దు. ఊళ్లోని స్టార్టర్లు రెండు సొంతంగా బాగుచేసి చూపినవాళ్లకు ఇవ్వండి. బ్యాచ్ ముగిశాక ఆరు నెలల పాటు, నెలకోసారి దగ్గరి అంగడి రోజున వ్యాన్ ఒకేచోట నిలపండి. వాళ్లు విప్పి మళ్లీ కూర్చలేకపోయిన స్టార్టర్లు సంచుల్లో వేసుకుని అక్కడికే తెస్తారు. ఆ రోజు రిలేలు, నోవోల్ట్ కాయిళ్లు (స్టార్టర్‌ను పట్టి ఉంచేవి), కాంటాక్టు సెట్లు నాలుగేసి ఎక్కువ పెట్టుకుని వెళ్లండి.