ఆర్‌ఎక్స్ 100 కార్బొరేటర్ విప్పే ముందు

అల్లుడూ,

నీ యమహా ఆర్‌ఎక్స్ 100 సగం రేజ్ దగ్గర ముక్కుతోందని, పెట్రోలూ గాలీ కలిపే కార్బొరేటర్ మీద ఉన్న ఎయిర్ స్క్రూ ఎంత తిప్పినా తేడా రావడం లేదని రాశావు. రాదు. ఎందుకో చెప్తాను, ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు.

ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో నీ బండి కార్బొరేటర్‌ని ఎంతమంది విప్పారో, ఏ జెట్ (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రపు ముక్క) తీసి ఏది బిగించారో ఎవరికీ తెలియదు. ఇప్పటి కుర్ర మెకానిక్‌లను అని లాభం లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ కార్బొరేటర్ మానేసి ఇంజెక్షన్‌కి మారిపోయాయి, వాళ్ళు స్కానర్ తగిలిస్తే జబ్బు అదే చెప్తుంది. నీ బండికి నీ చెవి, నీ ముక్కు తప్ప స్కానర్ లేదు.

కార్బొరేటర్ మీద వేసే నిందల్లో చాలావరకు దానివి కావు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉందా, ప్లగ్ కొత్తదేనా చూడు. పెట్రోల్ పైపు కార్బొరేటర్ దగ్గర ఊడదీసి సీసాలోకి వదులు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే సుమా, చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు. ధార ఆగకుండా రావాలి. కాసేపటికి సన్నబడి, ట్యాంక్ మూత తీయగానే మళ్ళీ పుంజుకుంటే మూతలోని గాలి రంధ్రం పూడిపోయిందన్నమాట. పిన్నుతో పోయే దానికి కార్బొరేటర్ మొత్తం విప్పి, రెండు జెట్లు కొని, చివరికి బండే అమ్మేసుకున్నవాళ్ళున్నారు.

తర్వాత గాలి లీకులు. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి క్రాంక్ కేసు మీదుగానే పైకి వెళ్తాయి కాబట్టి ఎక్కడ చిన్న సందు ఉన్నా అక్కడ దొంగగాలి దూరుతుంది. రేజ్ వదిలినా ఇంజిన్ వెంటనే దిగకపోవడం, ఐడిలింగ్ తనంతట తానే పెరగడం, తగ్గడం దీని గుర్తులు. బండి ఐడిలింగ్‌లో ఉండగా కార్బొరేటర్ జాయింట్ రబ్బరు చుట్టూ కొద్దిగా నీళ్ళు చిలకరించు. ఇంజిన్ శబ్దం మారితే లీకు అక్కడే. పెట్రోలు చిలకరించి చూడమని ఎవరైనా చెప్తే వినకు, వేడి ఇంజిన్ మీద అది ప్రాణాల మీదికి వస్తుంది. అక్కడ లీకు లేకపోతే మాగ్నెట్ వైపు క్రాంక్ సీల్‌ని, అంటే క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి దూరకుండా ఆపే రింగుని అనుమానించు. క్లచ్ వైపు సీల్ పోతే లక్షణం వేరు: గేర్ ఆయిల్ లోపలికి లాక్కుని తెల్లపొగ కక్కుతుంది, ఆయిల్ లెవెల్ పడిపోతుంది.

ఇవన్నీ బాగుంటే ఇక కార్బొరేటర్ సంగతి. యాక్సిలరేటర్ గ్రిప్ పక్కన హౌసింగ్ మీద ఒక గీత గియ్యి. గ్రిప్ మీద తెల్ల టేపు అంటించి పూర్తిగా మూసినప్పుడు, పావు, సగం, ముప్పావు, పూర్తి రేజ్ దగ్గర ఆ గీతకి ఎదురుగా గుర్తులు పెట్టు. ఇక్కడ స్పీడుతో పని లేదు. మూడో గేర్లో వెళ్తున్నావా, నాలుగులోనా అన్నది కాదు, చెయ్యి ఎంత తిరిగిందన్నదే లెక్క. మూసి ఉన్నప్పటి నుంచి కొంచెం తెరిచేదాకా స్లో జెట్ (తక్కువ రేజ్‌కి పెట్రోలు ఇచ్చేది), ఎయిర్ స్క్రూ రాజ్యం. పావు దాకా స్లయిడ్ (రేజ్ తిప్పితే పైకి లేచే గాలి తలుపు) అంచు కోత. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అంటే స్లయిడ్‌కి వేలాడే సూది. ఆపైన మెయిన్ జెట్. ఒకదాని హద్దులోకి ఇంకొకటి కొంచెం చొరబడుతుంది గానీ, నీ సగం రేజ్ జబ్బుకి ఎయిర్ స్క్రూ మందు కాదని ఇప్పుడు అర్థమైందిగా? దాన్ని మెల్లగా పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పి వదిలెయ్. ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్ సరిచేసుకునేటప్పుడు మళ్ళీ చూద్దువు.

నీ బండి సగం దగ్గర పెట్రోలు ఎక్కువై ముక్కుతోందా, తక్కువై ముక్కుతోందా అన్నది తేలాలి. ఖాళీ రోడ్డు మీద సగం గుర్తు దగ్గర పట్టుకుని చోక్ కొంచెం లాగు. బండి తేరుకుంటే పెట్రోలు తక్కువ. ఇంకా కుంగితే ఎక్కువ. ఎక్కువైనప్పుడు శబ్దం కూడా చెప్తుంది, టూ స్ట్రోక్ బండి ఫోర్ స్ట్రోక్‌లా బర్రుమని గొణుగుతుంది. తక్కువైతే నీడిల్ పై భాగంలోని గాడుల్లో ఒకదాన్ని పట్టుకుని ఉండే క్లిప్‌ని ఒక గాడి కిందికి దించు, నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఎక్కువైతే క్లిప్ పైగాడికి. ఒకసారికి ఒక్క గాడే, ఇంకేదీ ముట్టుకోకు. రెండు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తెలియదు. క్లిప్ పైగాడికి చేరినా గొణుగుడు పోకపోతే నీడిల్, అది దిగే జెట్ అరిగిపోయాయి. జత మార్చు. డూప్లికేట్ కిట్ వద్దు, వాటి మీద చెక్కిన నంబరుకీ లోపలి రంధ్రానికీ పొంతన ఉండదు. జెట్లు శుభ్రం చేయడానికి ఇనుప తీగ పెట్టకు, గాలి కొట్టించు చాలు.

ఒక్క విషయంలో మాత్రం భయం ఉండాలి. ఫుల్ రేజ్‌లో పెట్రోలు తక్కువైన టూ స్ట్రోక్ కొంతసేపు కత్తిలా లాగుతుంది. కుర్రాళ్ళు దాన్నే ట్యూనింగ్ కుదిరిందనుకుంటారు. తర్వాత పిస్టన్ పట్టేస్తుంది, వెనక చక్రం ఆగిపోతుంది. అందుకే మెయిన్ జెట్ ఎప్పుడూ పెద్దది పెట్టి, అక్కణ్ణుంచి ఒక్కో సైజు దిగు. కంపెనీది కాని బయటి సైలెన్సర్ బిగించి ఉంటే కంపెనీ జెట్ సరిపోతుందని నమ్మకు. ఇంజిన్‌కి ఆయిల్ అందించే పంపు తీసేసి ఆయిల్ పెట్రోల్లోనే కలుపుతున్నావా? భద్రంగా ఉంటుందని ఆయిల్ ఎక్కువ పోస్తే జెట్ గుండా వెళ్ళే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుందని గుర్తుంచుకో. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది మిశ్రమాన్ని ఇంకాస్త పలచన చేస్తుంది, అంటే పెట్రోలు తక్కువైనట్టే, పాత రబ్బరు రింగుల్ని ఉబ్బిస్తుంది. బండి వారాల తరబడి కదలదనుకుంటే కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెని ఖాళీ చేసెయ్.

చివరగా ప్లగ్. బాగా వేడెక్కిన బండిని కాసేపు ఒకే గుర్తు దగ్గర నడిపి, అదే రేజ్‌లో క్లచ్ నొక్కుతూ వెంటనే తాళం ఆపేసి పక్కకి తీసి విప్పు. ఐడిలింగ్‌లో ఇంటిదాకా వచ్చి విప్పితే అది చెప్పేది ఐడిలింగ్ సంగతే. కాఫీ రంగు మంచిది, తెల్లగా ఉంటే ప్రమాదం, తడిగా నల్లగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువ.

చోక్ లాగినప్పుడు ఏమైందో, క్లిప్ ఇప్పుడు ఏ గాడిలో ఉందో, మెయిన్ జెట్ మీద ఏ నంబరు ఉందో చూసి ప్లగ్ ఫోటోతో పాటు పంపు. అప్పటిదాకా జెట్లు కొనకు.

మీ మామయ్య