మీరే క్యాన్సిల్ చేసుకోండి సార్ అంటారు, చేయొద్దండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే గొడవ మీద ఉన్నాయి. స్టాకు లేకుండానే ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేవాళ్ల గొడవ. మూడూ మన సీమ నుంచే వచ్చినాయి, అందుకే ఒకచోటే వేస్తున్నాం.

ప్రశ్న: అన్నా, ఎండలకి తట్టుకోలేక ఒక సైట్లో కూలర్ బుక్ చేసినా. ‘ఇంక రెండే ఉన్నాయి’ అని చూపిస్తుంటే తొందరపడి 6,499 రూపాయలు ముందే కట్టేసినా. రోజుల తరబడి ప్యాకింగ్‌లో ఉంది, ప్యాకింగ్‌లో ఉంది అనే చూపించినాడు. ఇప్పుడేమో ఎవరో ఫోన్ చేసి, సార్ స్టాక్ అయిపోయింది, మీరే యాప్‌లో క్యాన్సిల్ చేసుకోండి, డబ్బులు తొందరగా పడతాయి, మేం చేస్తే లేటయితాది అంటున్నాడు. లేని వస్తువు ఎట్ల అమ్మకానికి పెడతారన్నా? క్యాన్సిల్ చేయమంటావా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చేయొద్దు తమ్ముడూ. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ బటన్ జోలికి పోవద్దు.

ఎందుకంటే ప్రతి సెల్లర్‌కీ సైటువాళ్ల దగ్గర ఒక లెక్క ఉంటాది, ఆర్డర్ తీసుకుని పంపకుండా తనంతట తాను ఎన్ని క్యాన్సిల్ చేసినాడు అని. అమెజాన్ అయితే ఆ లెక్క 2.5 శాతం లోపే ఉండాలంటాది, దాటితే అకౌంటే ఆగిపోవచ్చు. కొన్నవాళ్లు యాప్‌లో తామే క్యాన్సిల్ చేసుకుంటే అది ఆ లెక్కలోకి రాదు. ఇప్పుడర్థమైందా ఆ ఫోన్ ఎవరి మేలు కోరి వచ్చిందో. పైగా క్యాన్సిల్ కొట్టేటప్పుడు కారణం అడుగుతాది, మీరు ‘ఇప్పుడు వద్దు’ అని ఏదో ఒకటి నొక్కేస్తారు, రేప్పొద్దున మీరు కంప్లైంట్ ఇస్తే వాళ్లకి కనిపించేది ఆ ఒక్క ముక్కే, కస్టమరే వద్దన్నాడు అని.

ఫోన్లో మాట్లాడింది గాల్లో పోతాది. అందుకని ‘స్టాకు లేదని ఫోన్ చేసినారు, నాకు వస్తువు కావాలి, లేదంటే మీరే క్యాన్సిల్ చేసి డబ్బు వెనక్కి వేయండి’ అని యాప్ చాట్‌లోనే రాయండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రిఫండ్ వేస్తాం, ఓటీపీ చెప్పండి, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి అని ఫోన్ వస్తే మాత్రం మాట పూర్తి కాకముందే పెట్టేయండి. మన అకౌంట్లోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టే పనే ఉండదు. సగంమంది మునిగేది అసలు ఆర్డర్ దగ్గర కాదు, ఈ రిఫండ్ దగ్గరే అనిపిస్తాది నాకు.

ఇంక లేనిది ఎట్ల పెట్టినాడంటే, ఆ సైటుకి కూలర్ల గోడౌన్ ఉందని మనం అనుకుంటాం గానీ సరుకు సైటుది కాదు, సెల్లర్‌ది. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్, అంటే వేరేవాళ్ల సరుకు అమ్మిపెట్టే సైటు, సరుకు తనే పెట్టుకుని అమ్మకూడదని మన ప్రభుత్వ రూలే ఉంది, 2018 డిసెంబర్‌లో దాన్ని ఇంకా బిగించినారు. కాబట్టి ఎన్ని పీసులున్నాయనేది సెల్లర్ చెప్పిన మాటే. ఆ సెల్లర్ ఏ ఊర్లోనో చిన్న షాపువాడై ఉంటాడు, అవే పది కూలర్లని మూడు నాలుగు సైట్లలో పెడతాడు, షాపులో కూడా అమ్ముకుంటాడు, ఒకచోట అమ్ముడుపోయింది ఇంకోచోట తగ్గించడం మర్చిపోతాడు. వీళ్లని నేను పెద్దగా తప్పు పట్టను. ఇంకో రకం ఉన్నారు, వాళ్ల దగ్గర ఒక్క పీసు కూడా ఉండదు. డ్రాప్‌షిప్పింగ్ అంటారు దీన్ని, మీ ఆర్డర్ పడినాకనే హోల్‌సేల్ వాడికి ఫోన్ కొడతారు, దొరికితే పంపిస్తారు, ఎండలు ముదిరి హోల్‌సేల్‌లో రేటు పెరిగిందనుకో, నష్టానికి ఎవడు పంపిస్తాడు, స్టాక్ లేదు సార్ అంటాడు. మీ కేసు ఇదే అని నా అనుమానం. అదే మోడల్ అదే పేజీలో వెయ్యి ఎక్కువకి మళ్లీ కనిపిస్తుందేమో ఒకసారి చూడండి, కనిపిస్తే అదీ స్క్రీన్‌షాట్ తీయండి.

చట్టం సంగతికొస్తే 2020 ఈ-కామర్స్ రూల్స్ ఉన్నాయి. సెల్లర్ పేరు, అడ్రసు, కస్టమర్ కేర్ నంబర్ సైట్లో కనపడాలి. సైటుకి గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే కంప్లైంట్లు చూసే అధికారి, ఉండాలి, కంప్లైంట్ అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ‘రెండే ఉన్నాయి’ అని అబద్ధం చెప్పి తొందరపెట్టడం కూడా 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (సైట్లో కొనేవాళ్లని తప్పుదోవ పట్టించే ఎత్తులు) గైడ్‌లైన్స్ ప్రకారం తప్పే. అక్కడ తేలకపోతే 1915 కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సెల్లర్ ఢిల్లీలో ఉన్నా సూరత్‌లో ఉన్నా మీరు కర్నూల్లోనే కేసు వేయొచ్చు, లాయర్ అక్కర్లేదు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. డబ్బు మొత్తం వెనక్కి వచ్చేస్తే మాత్రం కమిషన్ దాకా పోమని నేను చెప్పను, 1915 లో కంప్లైంట్ పడేసి ఊర్లోనే ఏదో ఒక షాపులో నీళ్లు పోసి ఆన్ చేయించి చూసుకుని కూలర్ తెచ్చుకోండి, ఎండలైతే ఆగవు కదా.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. ఎప్పుడో అచ్చయి ఆగిపోయిన ఒక తెలుగు వ్యాకరణ పుస్తకం కోసం వెతుకుతుంటే ఆన్‌లైన్‌లో నలుగురి దగ్గర కనిపించింది, ఒక్కొక్కరిది ఒక్కో ధర, 900 నుంచి 3,200 వరకు. తక్కువ ధరవానికి డబ్బు కడితే వారం తర్వాత ‘అందుబాటులో లేదు’ అని వాపసు వేశాడు. ఎక్కువ ధరవాళ్ల దగ్గరైనా ఉంటుందా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: అయ్యవారూ, ఆ నలుగురూ రాసిన వివరం పక్కపక్కన పెట్టి చదివి చూడండి. ‘అట్ట కొంచెం నలిగింది, లోపల బాగుంది’ అని నలుగురూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే రాసుంటే ఆ నలుగురి దగ్గరా నాలుగు కాపీలు లేవు, ఎక్కడో ఒకడి దగ్గర ఒక కాపీ ఉంది, మిగతా ముగ్గురూ అతని లిస్టింగ్ చూసి దాని మీద తమ లాభం వేసుకుని పెట్టినారు. మీరు 3,200 కడితే అతను పోయి 900 కి కొని మీకు పంపాలి. ఆ 900 కాపీ కూడా ఎప్పుడో అమ్ముడుపోయి ఉంటే అందరూ చేతులెత్తేస్తారు. పాత పుస్తకాల వ్యాపారంలో ఇది మన దేశంలోనే కాదు, అంతటా ఉన్న రోగమే.

దీనికి మందు చిన్నది. డబ్బు కట్టకముందు అతన్ని ఫొటో అడగండి. అట్ట ఫొటో వద్దు, అది ఎక్కడైనా దొరుకుతాది. లోపలి పేజీ ఫొటో అడగండి, ముద్రణ సంవత్సరం, ప్రెస్ పేరు ఉండే పేజీ, దాని పక్కన ఈరోజు న్యూస్‌పేపర్ పెట్టి తీయమనండి. పుస్తకం చేతిలో ఉన్నవాడికి రెండు నిమిషాల పని. లేనివాడు రేపు పంపుతా, గోడౌన్లో ఉంది అంటూ సాగదీస్తాడు, లేదంటే జవాబే ఇవ్వడు.

ఇంకొకటి కూడా జరుగుతోంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్న స్కాన్ కాపీని మీ ఆర్డర్ వచ్చినాక ప్రింట్ తీసి, బైండ్ చేసి పంపేవాళ్లున్నారు. కాపీరైట్ గడువు తీరిన పుస్తకమై, రీప్రింట్ అని స్పష్టంగా రాస్తే ఏం తప్పు లేదు, చాలామందికి అదే చాలు. పాత ప్రతి అన్నట్టు ఫొటో పెట్టి ఇది పంపితేనే మోసం. అందుకని మొదట ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పేరు కొట్టి చూడండి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు అక్కడ కుప్పలుగా ఉన్నాయి. అయినా కడపలో ఉండి ఇంత దూరం వెతకడం ఎందుకండీ, బ్రౌన్ దొర పండితుల్ని పెట్టి తెలుగు గ్రంథాలు పరిష్కరింపజేసిన బంగళా ఉన్న చోటే ఆయన పేరు మీద లైబ్రరీ ఉంది, వ్యాకరణం అంటే ముందు అడగాల్సింది అక్కడే.

ప్రశ్న: అన్నా, నేను ఇంట్లో ఉండి వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో ధర్మవరం పట్టుచీరలు అమ్ముతా. చీరలు నా దగ్గర ఉండవు, హోల్‌సేల్ గ్రూపులో ఫొటోలు వస్తే నా రేటు వేసి పెడతా. మొన్న ఒకామె 500 అడ్వాన్స్ ఇచ్చింది, చూస్తే ఆ చీర అయిపోయింది, వేరే రంగు ఇస్తానంటే మోసం చేసినావని స్టేటస్ పెట్టింది. అందరూ చేసేదే కదా, నేను చేసింది మోసమా?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: మోసం అని నేననను చెల్లెమ్మా, కానీ ఆమె కోపం న్యాయమే. పైన కర్నూలు తమ్ముడి ఉత్తరం చదివినావు కదా, ఆమెకి నువ్వు ఆ కూలర్ సెల్లర్‌వే. నీకు వచ్చిన ఫొటో అదే టైముకి ఇంకా ఎన్ని గ్రూపుల్లోకి పోయిందో నీకు తెలీదు. మిల్లు చీర అయితే వందల్లో ఉంటాది, మగ్గం మీద నేసింది ఆ రంగు, ఆ అంచుతో ఒకటో రెండో ఉంటాయి, ఎవరు ముందు ఫోన్ చేస్తే వాళ్లదే.

స్టాకు లేకుండా అమ్మడం తప్పు కాదు, ఆ మాట దాచి డబ్బు తీసుకోవడమే తప్పు. ఫొటో కిందనే ‘ఉందో లేదో కనుక్కుని చెప్తా, అప్పుడే డబ్బు’ అని రాసెయ్. కొందరు పోతారు, పోనీ. హోల్‌సేల్ వాడికి వీడియో కాల్ చేసి చీర విప్పి చూపించమను, కొంగు, అంచు, అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ ట్యాగు అన్నీ చూడు, ఎందుకంటే నువ్వు ముట్టుకోని చీరని ప్యూర్ పట్టు అని నీ నోటితో చెప్తున్నావు, రేపు పవర్‌లూమ్‌దో, కలిపిందో అని తేలితే ఆమె పట్టుకునేది హోల్‌సేల్ వాణ్ణి కాదు, నిన్నే. అనంతపురం నుంచి ధర్మవరం ఎంత దూరమని, నెలకొకసారి బస్సెక్కి పోయి మగ్గాల దగ్గరే నలుగురిని పరిచయం చేసుకుంటే ఈ గ్రూపుల అవసరమే తగ్గుతాది.

ఆ 500 మాత్రం ఈరోజే వెనక్కి వెయ్. వేరే రంగు తీసుకోమని బతిమాలకు, స్టేటస్ తీసేస్తే వేస్తా అని బేరం అసలే పెట్టకు. వేసినాక స్క్రీన్‌షాట్ పంపి, అదే చీర మళ్లీ మగ్గం మీదికి వస్తే చెప్పమంటారా అని ఒక్క మాట అడుగు, అంతే.