సబ్బు కాడ పైలం, బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

నౌకరి ఇడిశిపెట్టి కాజీపేటల సెలూన్ పెడుతున్నవట, మీ అక్క ఫోన్ల చెప్పింది. మన పని మీదికే మర్లినవని కడుపు నిండింది. రాత్రంత నిద్ర మాత్రం పట్టలే.

కుర్చీలు, అద్దాలు నీ ఇష్టం. మనిషికో కొత్త బ్లేడు, అది నీకు చెప్పే పనిలేదు. నా భయమంత గడ్డం సబ్బు మీదనే.

మీ నాయిన సంగతి నీకు తెల్వది, అప్పటికి నీకు నడక రాలే. పెండ్లిళ్ల సీజన్ల సైకిల్ మీద వచ్చినోని దగ్గర పేరు లేని బిళ్లలు సంచి నిండ కొన్నడు. గంధం వాసన గుమ్మంటది, నురుగు గిన్నె దాటి పొంగుతది. సగం ధరకే దొరికినయని మురిసిండు. ఒక చెంప గీసేలోపు రెండో చెంప మీద నురుగు ఎండిపోయేది. కత్తి గుంజుతుంటే కత్తినే తిట్టుకుంట తోలుపట్టీ మీద నూరిందే నూరుడు. ఓ పెండ్లికొడుకు మెడంత దద్దులు లేసినయి, సాయంత్రమే లగ్గం. వాళ్ల మామ వచ్చి నలుగుట్ల సిగ్గు తీసిండు. అయినా పైసలు పెట్టి కొన్ననని సంచి ఖాళీ అయ్యేదాంక అదే వాడిండు. మొండోడు! గిరాకీ అంత ఎదురు దుకాణానికి పోయింది. నువ్వు అచ్చం ఆయన లెక్కనే, అందుకే గింత చెప్తున్న.

కొబ్బరినూనె ఎక్కువున్న సబ్బు జల్ది పొంగుతది, జల్దే పోతది, చర్మాన్ని ఎండబెడతది. గడ్డం సబ్బుల స్టియరిక్ యాసిడ్, అంటే కొవ్వుల నుంచి తీసేది, మంచిగుండాలె, నురుగు నిలబడేది దానితోనే. పొటాషియం కలిస్తే నీళ్లల్ల తొందరగ కరుగుతది, వట్టి సోడియంతోనైతే గట్టిపడతది. గ్లిజరిన్ తడి ఆరనియ్యది. అట్ట మీద ఎక్కువ కలిపినదాని పేరే ముందు రాస్తరు, మొదటి నాలుగు సదువు. పేర్లే లేని బిళ్లను ముట్టకు.

డజన్ కొనకముందు ఒక్కటి తెచ్చి నీ గడ్డానికే పెట్టు, అదీ దుకాణం బోరునీళ్లతోనే. ఇంట్ల మిషన్ భగీరథ నల్లా నీళ్లకు పొంగిన సబ్బు ఆ ఉప్పునీళ్లల్ల విరిగిపోవచ్చు, కాల్షియం పని అది. నురుగు గడ్డపెరుగు లెక్క ఉండాలె, బుడగలు కనబడొద్దు. ఐదు నిమిషాలు ముఖం మీద ఉంచి, వేలితో రాసి చూడు. ఇంక జారుతుంటే తీసుకో. వాసన ఆఖరుకు.

ధర బిళ్లకు కాదు, గ్రాముకు లెక్కగట్టు. ఆ మీదట ఎన్ని గడ్డాలకు వచ్చిందో రాసుకో. మిల్లుల బాగ నలిపిన గట్టి బిళ్ల ధర ఎక్కువున్నా ఎక్కువ రోజులొస్తది. టర్కీ ఆర్కో, ఇటలీ ప్రొరాసో సబ్బులు ఫోన్ల చూసి మోజుపడకు. మంచియే, గని ఆ ఖర్చు మన గిరాకీ మీద ఎట్లేస్తవ్?

ముఖానికి పెట్టిన బ్రష్షును మళ్ల బిళ్లకు రాయకు. ముక్క తురిమి గిన్నెల కలుపు.

సబ్బుకు పైసలు తక్కువబడితే ఎవనికాడనో అప్పు చెయ్యకు, నాకు ఫోన్ చెయ్యి. మీ పెద్దమ్మకు తెల్వకుంట పంపుత.

మీ పెద్దనాయిన