మ్యూజియంలో కొత్త శిల్పాలు: ముందు టేపుతో తలుపు కొలవండి

మ్యూజియం వాళ్లు హాలు ఇస్తామన్నారు, ఈ కాలపు శిల్పాలు పదిహేను పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడిగారు. తలుపు దగ్గర, టేపుతో.

ఇలాంటి ప్రదర్శనకే ఒకసారి పనిచేశాను. మేమలా మొదలుపెట్టలేదు. బ్రోచర్ అచ్చయింది, ఆహ్వానాలు వెళ్లిపోయాయి. లారీ వచ్చాక తెలిసింది, పెట్టె తలుపు కన్నా నాలుగంగుళాలు వెడల్పని. తుంపర పడుతుంటే వరండాలోనే పెట్టె విప్పాం. 'ఆలు లేదు చూలు లేదు' అని ఎవరో అననే అన్నారు.

తర్వాత నేల. గ్రానైట్ ఘనమీటరు దాదాపు 2.7 టన్నులుంటుంది. రెండడుగుల చదరం, మూడడుగుల ఎత్తు దిమ్మే 900 కిలోలు దాటుతుంది, అదంతా నాలుగు చదరపు అడుగుల మీదే పడుతుంది. పై అంతస్తయితే ఇంజనీరు రాసిచ్చేదాకా ఒప్పుకోకండి. ఫైబర్‌గ్లాస్‌ది ఇంకో తిరకాసు: చూడ్డానికి ఏనుగంత, లోపల డొల్ల. పిల్లాడు ఆనుకుంటే ఒరిగిపోతుంది. పీఠంలో ఇసుక బస్తాలు వేసి, శిల్పాన్ని పీఠానికి బోల్టులతో బిగించండి.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం ఒక చిన్న చెక్క బొమ్మ. మ్యూజియం కన్సర్వేటర్, అంటే వస్తువులు పాడవకుండా చూసే నిపుణులు, దాని కింద నల్ల కాగితం పరిచి రాత్రంతా వదిలేశారు. పొద్దున చూస్తే కాగితం మీద గోధుమపిండిలా చిటికెడు పొడి. పురుగు లోపల బతికే ఉంది! పక్క గదిలో పాత చెక్క శిల్పాలున్నాయి, అందుకని గడప దాటనివ్వలేదు. పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి మైనస్ 20 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచితే పురుగు చస్తుందన్నారు. ప్రారంభానికి ఆరు రోజులే ఉంది. బొమ్మ వెనక్కి వెళ్లిపోయింది. మీరు చెక్క శిల్పాలను నెల ముందే తెప్పించుకోండి.

హాలు ఖాళీ చేయించి తెల్ల గోడలు కట్టించాలని మాత్రం పట్టుబట్టకండి. ముంబైలో 1872 నాటి భావు దాజీ లాడ్ మ్యూజియంలో సుదర్శన్ శెట్టి, ఎల్.ఎన్. తల్లూర్ లాంటి ఈ కాలపు శిల్పులు పాత సేకరణ మధ్యే ప్రదర్శనలు చేశారు. నా లెక్కలో అదే అందం.

శిల్పాల చుట్టూ తాళ్లు కట్టండి, లేబుళ్లు తెలుగులోనూ పెట్టండి. మా దగ్గర రెండూ ఆలస్యమయ్యాయి. ఒక టెర్రకోట స్త్రీ తల ముందు జనం చెప్పులు విడిచి, రూపాయి బిళ్లలు పెట్టడం మొదలుపెట్టారు. గార్డు వాటిని రోజూ ఏరి అగరబత్తి డబ్బాలో దాచాడు. చివరి రోజు డబ్బా తెచ్చి టేబుల్ మీద పెడితే, రిజిస్టర్‌లో ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ తోచలేదు.