తెలుగు ర్యాప్ కొత్త పాటలు జనంలోకి ఎందుకు పోవట్లేదు? మా ఊరి నోబిడ్ పాట సంగతి చెప్తా

ఇక్కడ అడిగిన ప్రశ్న: "తెలుగు హిప్‌హాప్‌లో వారం వారం కొత్త పాటలు వస్తున్నాయి. అయినా మామూలు జనం దాకా ఎందుకు చేరట్లేదు? వాటిలో వినదగ్గవి ఏవి?"

నాది కందుకూరు దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుగా మైక్ సెట్ అద్దెకిస్తుండా. పెళ్లి, తిరనాళ్ల, ఎలక్షన్ మీటింగు, ఏదైనా మా బాక్సులే పోవాల. ఏ పాటకి జనం ముందుకొస్తారో, ఏ పాటకి టీ కొట్టు దగ్గరికి జరుగుతారో మిక్సర్ వెనక నిలబడినోడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఆ ధైర్యంతోనే చెప్తుండా. ఇప్పుడొచ్చే ర్యాప్‌లో మాట వినపడట్లేదు. వినపడినా అది మన మాట కాదు. రోగం ఇదే.

పోయిన వినాయక చవితికి మా ఊళ్లో జరిగింది చెప్తా.

మా అక్క కొడుకు నెల్లూరులో ఇంజనీరింగ్ చదువుతుండాడు. రెండేళ్లుగా రూములో కూర్చుని ఫోన్లో ర్యాప్ రికార్డు చేస్తాడు. నిమజ్జనం రాత్రి రెండు పాటలు పాడతానని వారం ముందు నుంచి నా వెంటపడ్డాడు. "మామా, పదే పది నిమిషాలు" అన్నాడు. కమిటీ వాళ్లని నేనే బతిమాలి ఒప్పించా.

ట్రాలీ ఎక్కి మొదటి పాట ఎత్తుకున్నాడు. యూట్యూబ్‌లో దించుకున్న బీటు, దాని మీద హైదరాబాద్ మాటలు. భాయ్, కిర్రాక్, గల్లీ. మా ఊళ్లో గల్లీ ఎక్కడుంది? మాకుండేవి బజార్లు, సందులు. వాడు పుట్టినప్పటి నుంచి ఏనాడూ నన్ను భాయ్ అన్నోడు కాదు. హైదరాబాద్ పిల్లోళ్లు ఆ మాటలతో పాడితే నాకూ ఇష్టమే, అది వాళ్ల బతుకు. మావాడి నోట్లో అద్దెకు తెచ్చిన చొక్కాలాగా ఉండాది. రెండు నిమిషాలు కాకముందే వెనక నుంచి సినిమా పాట వెయ్యమని అరుపులు. కమిటీ పెద్దాయన నా దగ్గరికొచ్చి, "ఏందయ్యా అది, ఒక్క ముక్కన్నా తెలిస్తే ఒట్టు. పాటెయ్యి" అన్నాడు.

వాడి మొహం చూశా. దిగిపోబోతుండాడు. నేను బీటు పూర్తిగా దించేసి, "రేయ్ అల్లుడా, బీట్ లేదు. ఆ రెండోది ఊరికే చెప్పు" అని అరిచా. రెండో పాట వాడు ఎవరికీ వినిపించలా, నాకు తప్ప. ట్రాలీ పక్కనే ఊరేగింపు తప్పెట్ల వాళ్లు మంటేసి తప్పెట్లు కాచుకుంటుండారు. వాళ్లలో పెద్దాయన ఒకాయన, ఏమనుకున్నాడో ఏమో, తప్పెట ఎత్తి మెల్లగా దరువు అందుకున్నాడు. మావాడు మొదలుపెట్టాడు.

నాలుగింటికే ట్రాక్టరెక్కె నాయన
నాలుగు బేళ్లు కింద, నేనేమో పైన
నాలిక ఎండేదాకా వరస చివరన
నోబిడ్! నోబిడ్! మన పాటెవరూ పాడలా నాయన

మా దిక్కు పొగాకు రైతుకి నోబిడ్ అంటే ఏందో చెప్పే పని లేదు. వేలంలో ఏ కంపెనీ పాడకపోతే ఆ బేలు, అంటే పొగాకు కట్ట, మళ్లీ బండికెత్తుకుని ఇంటికి రావాల. పోను బాడుగ మనదే, రాను బాడుగ మనదే. వేలాన్ని కూడా మేం పాట అనే అంటాం గదా, ఆ నాలుగో లైను వినేసరికి బజారంతా కిమ్మనకుండా నిలబడింది. రెండోసారి చెప్పేటప్పుడు అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒకాయన, ఎవరూ అడక్కుండానే, "నోబిడ్" అన్నాడు. మూడోసారికి ఊరు ఊరంతా అంది. ఆడవాళ్లు కూడా. నేను ఇరవై రెండేళ్లలో హీరోల పాటలకి విజిళ్లు విన్నా, లీడర్ల పేర్లకి కేకలు విన్నా. అట్టాంటి అరుపు మాత్రం వినలా. ఆనందమూ కాదు, కోపమూ కాదు. లోపల ఎన్నాళ్లదో బయటికొచ్చినట్టు ఉండాది.

మా బావ, అంటే వాడి నాయన, జనరేటర్ పక్కన నిలబడి విన్నాడు. పాట కాగానే కండవాతో మొహం తుడుచుకుని ఇంటికి పోయాడు. ఎవరితో మాట్లాడలా. పొద్దున్నే నేను బాక్సులు సర్దుకుంటుంటే వచ్చి, "బామ్మర్దీ, ఆ రోజు వాణ్ని వెంట తీసుకుపోయిన సంగతే నాకు గుర్తులేదురా" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ నాలుగు లైన్లనే ఇంకోసారి చూడండి. మన పద్యంలో ప్రాస లైను మొదట్లో ఉంటాది, రెండో అక్షరంలో. అమెరికా నుంచొచ్చిన ర్యాప్‌కి ప్రాస లైను చివర. మావాడు రెండూ పట్టాడు. చివర్న నాయన, పైన, చివరన. మొదట్లో నాలుగు, నాలుగు, నాలిక. మూడు లైన్లు ఆ లకారం మీద నడిచొచ్చి నాలుగో లైనులో నోబిడ్ దగ్గర పుటుక్కున తెగింది. సరిగ్గా బేరం తెగాల్సిన చోట ప్రాస తెగింది. వాడు ఛందస్సు చదివి రాయలా. చెవిలో ఉండాది, వచ్చింది. భారతం తెలుగు చేసిన ముగ్గురిలో ఇద్దరు మా దిక్కువాళ్లే. తిక్కన నెల్లూరులో ఉండి రాశాడు, ఎర్రనది మా పక్కనున్న గుడ్లూరని చెప్పుకుంటాం. ఆ చెవి ఎక్కడికి పోద్ది? 2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపారు, తర్వాత మళ్లీ ప్రకాశంలోకే తెచ్చారు. గీత ఎటు గీసినా మాట్లాడే మాట మారలా. ఆ మాటని సినిమాల్లో నవ్వించడానికే వాడతారు, అది నాకు చెప్పలేనంత బాధ. నెల్లూరు యాసలో ఏడవొచ్చు, నిలదీయొచ్చు. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాని నిలదీసింది ఈ మాటతోనే. అంత పెద్ద ఉద్యమం మా దిక్కున పుడితే దాని మీద మా కుర్రోడెవడూ ఇంతవరకు నా చెవిన పడేట్టు ఒక్క వెర్స్ రాయలా. చీమకుర్తి క్వారీల మీద రాయొచ్చు. రొయ్యల గుంటల మీద రాయొచ్చు. మావాడి స్నేహితులు మాత్రం చూడని కారు మీద, ఎక్కని విమానం మీద రాస్తుండారు.

మెయిన్‌స్ట్రీమ్ అంటే మనవాళ్లకి రెండే దారులు తెలుసు, సినిమాలో ఒక బిట్టు, లేదంటే టీవీ. మన తెలుగు ర్యాపర్లు రోల్ రైడా 2018లో, నోయెల్ 2020లో బిగ్ బాస్‌లోకి పోయారు. మా ఊళ్లో ఆడవాళ్లకి వాళ్లు తెలిసింది ఆ ఇంట్లోంచే, ర్యాప్‌లోంచి కాదు. ఇద్దరూ ఏళ్ల తరబడి కష్టపడినవాళ్లు, నాకు గౌరవం ఉంది. అయితే ఆ దారిలో మనిషి జనంలోకి పోతాడు, పాట ఇంటిదగ్గరే ఉండిపోద్ది. పక్కన తమిళంలో చూడండి. 2021లో ర్యాపర్ అరివు, గాయని ధీ కలిసి పాడిన 'ఎంజాయ్ ఎంజామి' పాటలో అరివు వాళ్ల అవ్వ బతుకుంది, సిలోన్ టీ తోటల్లో చాకిరీ చేసిన ఆవిడ. తమిళం రాని మా ఊరి పిల్లోళ్లు కూడా నా చేత అది వేయించుకున్నారు. 2024లో కేరళ ర్యాపర్ హనుమాన్‌కైండ్ ఇంగ్లీషులోనే పాడినా, వీడియో తీసింది తిరనాళ్లలో బావిలో మోటార్‌సైకిల్ తిప్పేవాళ్ల మధ్య. లోకమంతా చూసింది.

అసలు హిప్‌హాప్ పుట్టిందే మా వృత్తిలోంచి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, చెల్లెలు పెట్టిన పార్టీకి కూల్ హెర్క్ అనే కుర్రోడు బాక్సులు పెట్టి రికార్డులు తిప్పాడు. జమైకాలో పుట్టినోడు. అక్కడ వీధిలో బాక్సులు పెట్టి మైకులో మాట్లాడటం ఎప్పటి నుంచో ఉంది. పేటలో జనం ముందు నిలబడి, వాళ్ల మొహాలు చూస్తూ పెరిగిన విద్య ఇది. మనవాళ్లు జనాన్ని చూడకుండా రూములో చేసి నెట్‌లో పెట్టి లెక్కలు చూసుకుంటుండారు. ఆ లెక్కా సులువు కాదు. పాటలు వినే యాప్ స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదిలో 1000 సార్లు వినకపోతే ఆ పాటకి రూపాయి రాదు.

మావాడూ అదే పని చేశాడు. చవితి అయిన నెలకి నోబిడ్ పాటని రికార్డు చేసి పెట్టాడు. తప్పెట తీసేసి డ్రిల్ అనే ఒక రకం ర్యాప్ బీటు పెట్టాడు. గొంతుకి ఆటోట్యూన్, అదే కంప్యూటర్‌తో శ్రుతి సర్దేది. నాలిక అనే మాట నాకే వినపడలా, నాకు ముందే తెలుసు కాబట్టి పోల్చుకున్నా. నాలుగొందల మంది విన్నారు, అందులో సగం వాళ్ల కాలేజీ వాళ్లే. ఆ నిమజ్జనం రాత్రి ఎవరో ఫోన్లో తీసిన వీడియో, జనరేటర్ మోతతో సహా, రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పడి కొండపి పోయింది, పొదిలి పోయింది, అటు డి.సి.పల్లి దాకా పోయింది. కలిగిరి నుంచి తెలీని రైతు ఒకాయన నాకు ఫోన్ చేసి "ఆ పిల్లోడు ఎవురన్నా?" అని అడిగాడు. అదే పాట, అదే గొంతు. ఇంకేం రుజువు కావాల?

వినదగ్గవి ఏవని అడిగారు గదా. ఫోన్ స్పీకర్లో ఒకసారి పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లకి ఎన్ని మాటలు అందాయో అడగండి. సగం అందితే ఆ పాట ఉంచుకోండి. పాడేవాళ్లకి చెప్పేది, బీటు తగ్గించి గొంతు పైకి తీయండి. బాక్సులోళ్లం మేం ఎంత సర్దినా, రికార్డులోనే పూడిపోయిన మాటని పైకి లేపలేం.

పాటని మళ్లీ రికార్డు చేద్దామని మావాణ్ని ఒప్పించా. మా బావ బ్యారన్, అంటే పొగాకు కాల్చే కొట్టం, లోపల గోడలకి గోనె పట్టాలు కట్టి చూశా, గొంతు బిగువుగా, మోత లేకుండా వస్తుండాది. ఇప్పుడు అందులో ఆకు ఉంది. కాల్పు అయిపోయి బ్యారన్ ఖాళీ కాగానే మొదలుపెడతాం. తప్పెట పెద్దాయనకి రెండు రోజుల కూలి మాట్లాడా. పాటకి ఇంగ్లీషు పేరు పెట్టాలని మావాడు ఇంకా పట్టు మీదే ఉండాడు. నేను ఒప్పుకోలా.